గుడారంలో కూర్చున్నవాడు

బుధవారం సాయంత్రాలు, హల్ ఊళ్ళో
హెస్సల్ రోడ్డు గ్రంథాలయం మేడమీద
ఏడుగురం చేరేవాళ్ళం.
బస్ డిపోలో డ్యూటీ దిగి, చేతుల గ్రీజు సగం కడుక్కుని నేను,
చేపల మార్కెట్టులో లెక్కలు రాసిన మోరీన్,
కుర్రతనమంతా ట్రాలర్ల మీద వలలు లాగిన రోలండ్,
ఇప్పుడు పేర్లు గుర్తులేని ముగ్గురు.
మధ్యలో గార్‌సైడ్ టీచరమ్మ,
ఆమె ఒళ్ళో మూడు వేల ఏళ్ళ కిందటి యుద్ధం.

"దక్కిన బహుమానం లాక్కున్నారని అలిగి
గుడారంలో కూర్చున్నాడు వీరుడు.
బయట తనవాళ్ళు కుప్పలుగా కూలుతున్నారు."
మోరీన్ బిస్కెట్టు టీలో ముంచి
"మా ఆయనా అంతే, గరాజులో కూర్చునేవాడు" అంది.
అందరం నవ్వాం.

నాకు మా మూడో తరగతి గుర్తొచ్చింది.
కోపం చేటు చేస్తుందనే పద్యం
నేను రెండో పాదం దగ్గర తడబడితే
కోపం పట్టలేక నా కణుపుల మీద
స్కేలు విరగ్గొట్టిన అప్పలాచారి మాస్టారు.
చెబుదామనుకున్నా.
వాళ్ళ భాషలోకి ఆ నవ్వు దాటదని ఊరుకున్నా.

ఇంకోవారం, ఒంటికన్ను రాక్షసుడి గుహలోంచి
తెలివిగా బయటపడి, ఓడెక్కి,
ఉండబట్టలేక వెనక్కి తిరిగి
తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు
కేకేసి మరీ చెప్పినవాడి కథ.
"నోరు మూసుకుని తెడ్డేసుంటే
ఎప్పుడో ఇల్లు చేరేవాడు" అన్నాడు రోలండ్.
సముద్రం గురించి అతను మాట్లాడితే
టీచరమ్మ కూడా పెన్సిలు కింద పెట్టేది.

ఏడో వారం, హంబర్ గాలి
కిటికీ చట్రాల్ని పళ్ళు నూరిస్తుంటే,
అడక్కుండానే మొదలుపెట్టాడు.

"మా స్కిప్పరు ఆలర్టన్.
ఐస్‌లాండ్ పైన, జనవరి.
మంచి చేపలున్న చోటు కంపెనీ ఇంకొకడికిచ్చిందని
రేడియోలో బండబూతులు తిట్టి
కేబిన్ తలుపేసుకున్నాడు, రెండు రోజులు.
తాళ్ళ మీద మంచు మనిషి నడుమంత లావెక్కింది.
గొడ్డళ్ళతో నరికాం. నరికిన చోటే మళ్ళీ పేరుకునేది.
ఓడ పక్కకి ఒరిగి, లేవాలా వద్దా అని ఆలోచించేది.
పదహారేళ్ళ కుర్రాడు, మొదటి ప్రయాణం,
గొడ్డలితో సహా జారిపోయాడు.

అప్పుడు తెరుచుకుంది తలుపు.
నడుముకి తాడు కట్టుకుని దూకాడాయన,
బూట్లు కూడా విప్పలేదు.
పిల్లాణ్ణి పైకి తెచ్చాడు. ఊపిరి తేలేకపోయాడు.
ఆ తర్వాత పద్నాలుగు గంటలు
తనే గొడ్డలి పట్టాడు. మూడు వేళ్ళు పోయాయి.
మిగిలిన పద్దెనిమిది మందినీ ఇంటికి చేర్చాడు,
నన్ను కూడా.

ఇప్పుడు చెప్పండి, మీ పుస్తకం ఏమంటుంది?
తలుపేసుకున్నవాడూ దూకినవాడూ ఇద్దరా?"

టీచరమ్మ కళ్ళద్దాలు తుడిచింది,
తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచింది.
"ఒక్కడే అనుకుంటా" అంది. "అదే చిక్కు."

మోరీన్ ఆ కుర్రాడి పేరడిగింది.
"పీటర్" అన్నాడు. కాసేపాగి,
"పీటర్ స్టాథర్స్."
హాజరు పట్టీలో రోలండ్ పేరు పక్కన
ఆ ఇంటిపేరే ఏడు వారాలుగా చూస్తున్నాం.

చివరి పాఠం.
కొడుకుని చంపిన చేతుల్ని ముద్దు పెట్టుకోవడానికి
రాత్రివేళ శత్రువు గుడారానికొచ్చిన ముసలి రాజు.
వీరుడికి తన తండ్రి గుర్తొచ్చాడు. ఏడ్చారు.
ఏడ్చి, మాంసం కాల్చుకుని తిన్నారు.

రోలండ్ టోపీ చేతుల్లో తిప్పుతూ
"మా నాన్న వెళ్ళాడు వాళ్ళింటికి" అన్నాడు.
"వేళ్ళు లేని ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడట
పొద్దుపోయేదాకా.
నేను ఆ వీధి తొక్కలేదు, యాభై రెండేళ్ళు.
రొట్టెల కొట్టుకి కూడా చుట్టూ తిరిగి పోతా.
ఆయన పోయినప్పుడూ వెళ్ళలేదు."

ఎవరం ఏమీ అనలేదు.
బిస్కెట్లు ఇంకా రెండు మిగిలాయి.

ఆ రాత్రి ఆఖరి బస్సు. డ్రైవరు నన్ను గుర్తుపట్టి
డబ్బులొద్దన్నాడు.
ఎప్పుడూ నడిచిపోయే రోలండ్ నా వెనకే ఎక్కాడు.
ఏదో వీధి పేరు చెప్పాడు, తనది కాదు.
దిగి, దీపస్తంభం కింద నిలబడి,
టోపీ కిందికి లాక్కుని
గాలికి వీపు తిప్పాడు.

బస్సు కదిలింది.
అద్దం మీద ఆవిరి మోచేత్తో తుడిచి చూశాను.
ఇంకా అక్కడే ఉన్నాడు.